గొట్టం తెర, పలక తెర: ఏ బొమ్మను నమ్మాలి?

పిల్లలూ! ఈ పాఠం మీ కోసమే. కాని మొదట మీ అమ్మానాన్నలతో రెండు ముక్కలు మాట్లాడి వస్తాను.

మన బడి సంచిక అచ్చుకు వెళ్ళి వచ్చిన ప్రతి ఏడూ వినిపించే మాట ఒకటుంది. "మేం పంపిన ఫోటో కంప్యూటర్లో ధగధగలాడుతోందండీ, పుస్తకంలో చూస్తే మసి పూసినట్లుంది. అచ్చువేసినవాళ్ళు పాడు చేశారు" అని. అచ్చువేసినవాళ్ళను అడిగితే "మీరిచ్చిన ఫైలే అంత" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. మధ్యలో ఉన్న తెర ఒకటి తన వంతు వెలుగును బొమ్మకు కలిపి చూపిస్తోంది, అంతే.

రెండో సంగతి ఇంతకంటె పెద్దది. మనలో చాలామంది ఇళ్ళలో బట్టల అలమర పై అరలో ఒక పెళ్ళి క్యాసెట్ ఉంటుంది. ఇప్పుడు లేని తాతగారు, నాయనమ్మగారు నడుస్తూ, నవ్వుతూ, పేరు పెట్టి ఎవరినో పిలుస్తూ ఉన్న బొమ్మ ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క డబ్బాలోనే ఉండవచ్చు. ఎవరో ఒక పాత వి.సి.ఆర్. సంపాదించి, దాన్ని 65 అంగుళాల టీవీకి తగిలించి, రెండు నిమిషాలు చూసి "అయ్యో, అంతా పాడైపోయింది" అని మళ్ళీ అలమరలో పెట్టేస్తారు. ఇంకా కొందరు పారేస్తారు. చాలాసార్లు ఆ క్యాసెట్ పాడవలేదు. అది వేరే రకం తెర కోసం తీసిన బొమ్మ. ఆ తెర ఏమిటో, ఇప్పటి తెర ఏమిటో తెలిస్తే పారేసే ముందు ఒక్కసారి ఆగుతారు.

ఇక పాఠంలోకి వద్దాం.

కాకరపువ్వొత్తితో గీసిన బొమ్మ

దీపావళి రాత్రి కాకరపువ్వొత్తి వెలిగించి చీకట్లో గిరగిరా తిప్పితే ఏం కనిపిస్తుంది? నిజానికి వెలుగుతున్నది ఒక్క కొసే. మన కంటికి మాత్రం నిండు చక్రం కనిపిస్తుంది. కొస ముందుకు పోయినా, ఇంతకు ముందు అది ఉన్నచోటి వెలుగు మన చూపులో క్షణకాలం నిలిచిపోతుంది. గొట్టం టీవీ చేసే పని సరిగ్గా ఇదే. తెర మొత్తం ఎప్పుడూ ఒకేసారి వెలగదు. ఒక్క చుక్క వెలుగు తెరంతా పరుగెత్తి బొమ్మ గీస్తుంది.

ఆ గొట్టాన్ని 1897లో జర్మనీకి చెందిన కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారు చేశాడు. టీవీ కోసం కాదు, కరెంటు ఎలా హెచ్చుతగ్గులవుతోందో కంటితో చూడడానికి. మాలాగా ఇండియాలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు ల్యాబులో ఆకుపచ్చ గీత ఊగే సి.ఆర్.ఓ. గుర్తుండే ఉంటుంది. బ్రౌన్ గొట్టానికి అది సొంత మనవడు.

గొట్టం వెనక సన్నటి మెడలో ఎలక్ట్రాన్లను చిమ్మే తుపాకి ఉంటుంది. లోపల గాలి ఉండదు. ముందు గాజుకు లోపలివైపున ఫాస్ఫర్ అనే పూత పూస్తారు. రంగుల టీవీలో సుమారు 25,000 వోల్టుల శక్తి ఆ ఎలక్ట్రాన్లను ముందుకు లాగుతుంది. అవి వచ్చి తగిలినచోట పూత మెరుస్తుంది. మెడ చుట్టూ ఉన్న తీగచుట్టలు అయస్కాంతాల్లా పనిచేసి ఆ ధారను కుడికీ కిందికీ నడిపిస్తాయి.

ఎలా నడిపించాలి? దీనికి జవాబు ఒక పొలంలో దొరికిందని చెబుతారు. 1921లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అనే 14 ఏళ్ళ కుర్రాడు బంగాళాదుంపల పొలం దున్నుతూ, వెనక్కి తిరిగి చాళ్ళను చూశాడట. చాలు వెంట చాలు వేస్తూ పొలమంతా దున్నినట్టే, బొమ్మను కూడా వరుస వెంట వరుసగా కోసి పంపవచ్చు కదా అని తట్టిందట. ఆ మరుసటి ఏడు తన ఆలోచనను బడిలో కెమిస్ట్రీ మాస్టారికి బొమ్మ గీసి చూపించాడు. 1927 సెప్టెంబర్ 7న శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక గీతను ఆ పద్ధతిలో పంపించి నిజం చేశాడు. తర్వాత ఆర్.సి.ఎ. అనే పెద్ద కంపెనీతో పేటెంట్ తగాదా వచ్చినప్పుడు, కుర్రాడిగా అతను గీసిన ఆ బొమ్మను గుర్తుంచుకుని సాక్ష్యం చెప్పినది ఆ మాస్టారే. (మన బడి గురువులు కూడా పిల్లల గీతల్ని పారేయకండి!)

ఇండియాలో వాడిన పాల్ పద్ధతిలో బొమ్మకు 625 చాళ్ళు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికాలో వాడిన ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో 525 చాళ్ళు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు. ఇందులో ఒక కిటుకుంది. బొమ్మను ఒక్క విడతలో గీస్తే తెర రెపరెపలాడుతుంది. అందుకని ముందు బేసి వరుసలు గీసి, వెంటనే వెనక్కి వచ్చి సరి వరుసలు గీసేవారు. అంటే పెళ్ళి వీడియోలో తాళి కట్టే చెయ్యి ఒక సెకనులో ఇండియాలో 50 సార్లు సగం సగం గీయబడింది. ఈ సగం బొమ్మల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

పిల్లలకు ఒక తమాషా. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కోదానికి 625 వరుసలు. గుణించి చూడండి: 15,625. అన్ని వరుసలు గీస్తున్నప్పుడు టీవీ లోపలి భాగాలు ఆ వేగంతోనే సన్నగా కీచుమంటాయి. అంత సన్నటి చప్పుడు పిల్లలకు వినిపిస్తుంది, పెద్ద వయసువాళ్ళకు వినిపించదు. మా తరం పిల్లలు శుక్రవారం చిత్రలహరి మొదలైందో లేదో గాని, పక్కింట్లో టీవీ వేసి ఉందని మాత్రం గోడ అవతలి నుంచే చెప్పేసేవారు.

రంగుల కోసం ఒకటికి మూడు ధారలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఇండియాలో రంగుల ప్రసారాలు 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌తో వచ్చాయి. ఆ మూడు ధారలు తమతమ రంగు చుక్కకే తగిలేలా మధ్యలో సన్నటి చిల్లుల రేకు పెడతారు. దగ్గర్లో అయస్కాంతం ఉంటే ధారలు దారి తప్పి తెర మీద ఆకుపచ్చ, ఊదా మరకలు వస్తాయి. ఎక్కడైనా పాత టీవీ కనిపిస్తే ఈ ప్రయోగం మాత్రం చేయకండి, లోపలి రేకుకు అయస్కాంతం పట్టిందంటే మరక అంత తేలిగ్గా పోదు.

తోలుబొమ్మలాట

పలక తెర సంగతి పూర్తిగా వేరు. గొట్టం తెరలో బొమ్మే వెలుగు. పలక తెరలో వెలుగు వెనక ఉంటుంది, బొమ్మ దానికి అడ్డం నిలబడుతుంది. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. అనంతపురం వైపు నిమ్మలకుంట కళాకారులు తోలును కాంతి దూరేంత పలుచగా చేసి, రంగులద్ది, తెల్లటి తెరకు ఆనించి ఆడిస్తారు. దీపం వెనక వెలుగుతూనే ఉంటుంది. ఎర్రరంగు అద్దినచోటు నుంచి ఎర్రటి వెలుగు వస్తుంది, తోలు మందంగా ఉన్నచోట చీకటి. మీ లాప్‌టాప్ తెర కూడా అంతే. కాకపోతే అందులో బొమ్మలు ఒకటీ రెండూ కావు. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న తెరలో ఒక్కో చుక్కకు మూడు చొప్పున 62 లక్షల పైచిలుకు చిన్ని తలుపులు ఉంటాయి.

ఆ తలుపులు దేనితో చేసినవి? 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్లలో దొరికే ఒక పదార్థం నుంచి చేసిన రసాయనాన్ని వేడిచేస్తున్నాడు. అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మజ్జిగలా మసకగా అయింది. 178.5 డిగ్రీల దగ్గర మళ్ళీ ఉన్నట్టుండి తేటపడింది. ఒకే పదార్థానికి రెండు కరిగే మెట్లేమిటని ఆశ్చర్యపోయి ఒట్టో లేమన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికి రాశాడు. నీళ్ళలా పారుతుంది, కాని స్ఫటికంలా లోపల వరుస తప్పదు. అదే ద్రవ స్ఫటికం, లిక్విడ్ క్రిస్టల్. ఎల్.సి.డి.లో మొదటి రెండు అక్షరాలు ఇవే. ఎనభై ఏళ్ళపాటు అది పెద్దగా పనికిరాని వింతగానే ఉండిపోయింది.

ఇప్పుడు కటకటాల తలుపు ఒకటి ఊహించండి. నిలువుగా పట్టుకున్న కర్ర నిలువు కటకటాల్లోంచి దూరుతుంది, అడ్డంగా పట్టుకున్న కర్ర దూరదు. కాంతి కూడా ఊగుతూ వెళ్ళే అల. పోలరైజర్ అనే పొర ఒక్క దిక్కున ఊగే కాంతినే పోనిస్తుంది. ఒక పొర నిలువుగా, దాని ముందు ఇంకో పొర అడ్డంగా పెడితే వెలుగు బయటికి రాదు. 1970లో స్విట్జర్లాండ్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ అనే ఇద్దరు ఆ రెండు పొరల మధ్య ద్రవ స్ఫటికాన్ని, పుల్లలన్నీ మరమెట్లలా పావు చుట్టు మెలి తిరిగేట్టు అమర్చారు. కాంతి ఆ మెట్ల వెంట తానూ మెలి తిరిగి రెండో పొర దాటేస్తుంది. కొద్దిగా కరెంటు ఇస్తే పుల్లలు నిటారుగా నిలబడతాయి, మెలిక పోతుంది, తలుపు మూసుకుంటుంది. కరెంటు తక్కువిస్తే తలుపు ఓరగా ఉంటుంది. దాని మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో రంగు పొర. ఇంతే!

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చూడవచ్చు. నాన్నగారి పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలు తీసుకుని లాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, కళ్ళద్దాలను కంటి ముందు మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడిపోతుంది. అప్పుడు తెరకూ అద్దానికీ మధ్య పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ చెంచా పెట్టండి. ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి. గొట్టం తెర ముందు ఈ వింత జరగదు.

ఇలాంటి తెరతో ఒక చిక్కుంది. ఎదురుగా కూర్చుంటే బాగుంటుంది, పక్కనుంచో కిందనుంచో చూస్తే రంగులు మారిపోతాయి. ఎందుకంటే ఏటవాలుగా వచ్చే కాంతికి పుల్లలు ఇంకోలా అడ్డుపడతాయి. దీనికి దొరికిన మందుల్లో ఒకదాని వేరు ఇండియాలో ఉంది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం పుల్లల్లా కాక పళ్ళేల్లా ఉండే అణువులతో కొత్తరకం ద్రవ స్ఫటికాన్ని కనుగొంది. పళ్ళెం మీద పళ్ళెం పేర్చినట్టు అవి దొంతరలు కడతాయి. (నక్షత్రాల మీద పరిశోధనకు నోబెల్ పొందిన చంద్రశేఖర్ వేరు, ఈయన వేరు. ఇద్దరూ సర్ సి.వి. రామన్ బంధువులే.) 1990లలో జపాన్ ఫ్యూజీ కంపెనీ ఆ పళ్ళేల అణువులతోనే ఒక పలుచని పొర చేసి తెరలకు అతికించింది. దాంతో పక్కనుంచి చూసినా బొమ్మ చాలావరకు నిలిచింది. 1996లో హిటాచీ కంపెనీ పుల్లల్ని నిలబెట్టకుండా పడుకున్నచోటే తిప్పే ఐ.పి.ఎస్. పద్ధతి తెచ్చింది. ఈనాటి మంచి మానిటర్లలో ఎక్కువగా ఉండేది అదే.

కొత్త ఫోన్లలో వచ్చే ఓలెడ్ తెర ఈ రెండింటికీ మధ్యరకం. పలకలా పలుచగా ఉంటుంది, కాని గొట్టం తెరలా ప్రతి చుక్కా తనంత తానే వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆ చుక్క ఆరిపోతుంది. ఎల్.సి.డి.లో అలా కుదరదు. తలుపు ఎంత బిగించినా వెనక దీపం కాస్త కారుతూనే ఉంటుంది. రాత్రి దీపాలార్పి సినిమా చూస్తే, నల్లగా ఉండాల్సిన ఆకాశం బూడిద రంగులో కనబడేది అందుకే.

చుక్కల ముగ్గు

సంక్రాంతికి అమ్మమ్మ పదిహేను చుక్కల ముగ్గు వేసిందనుకోండి. ఆ ముగ్గును అదే కొలతలో ఇరవై చుక్కల మీద వేయమంటే? కొన్ని గీతలు చుక్కల మీదికి వస్తాయి, కొన్ని రెండు చుక్కల నడుమ పడతాయి. పలక తెరకు చుక్కలు ఫ్యాక్టరీలోనే పెట్టేశారు. దాని లెక్కకు సరిపోయే బొమ్మ సూది మొనలా ఉంటుంది, సరిపోనిది అలికినట్టు అవుతుంది. గొట్టం తెరకు ఆ పట్టింపు తక్కువ. అంచులు మెత్తగా ఉండే చుక్కతో గీస్తుంది కాబట్టి చిన్న బొమ్మనైనా పెద్ద బొమ్మనైనా దాదాపు ఒకే తీరులో సర్దుకుపోతుంది.

అక్షరాల విషయంలో మాత్రం నా ఓటు పలక తెరకే, సందేహం లేదు. గొట్టం మానిటర్ మీద తెలుగు చదవడం ఒక పరీక్ష. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చిన కొత్తలో చిన్న సైజులో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కనిపించేది కాదు, వత్తులు మసకలో కలిసిపోయేవి. పెద్దవాళ్ళం అలవాటు కొద్దీ ఊహించి చదివేవాళ్ళం. అప్పుడే 'గి', 'గీ' నేర్చుకుంటున్న పిల్లవాడు ఎలా ఊహిస్తాడు? ఇప్పటి ఫోన్ల మీద అక్షరం అచ్చు పుస్తకంలో ఉన్నంత తేటగా ఉంటోంది.

ఫోటోల విషయంలో తీర్పు కాలంతో మారింది. 2000ల మొదటి సగంలో దొరికిన చవక పలక తెరలు ఒక్కో రంగులో 64 మెట్లే చూపించగలిగేవి. ఫోటోలో ఉండేవి 256 మెట్లు. లెక్క వేస్తే 1 కోటి 67 లక్షల రంగులకు బదులు 2 లక్షల 62 వేలు. మధ్య రంగుల్ని చుక్కలు వేగంగా మార్చి మాయ చేసేవారు. సాయంకాలపు ఆకాశంలోనూ, పట్టుచీర మడతల్లోనూ రంగు జారుడుబల్లలా దిగాల్సింది మెట్లమెట్లుగా దిగేది. అందుకే ఆ రోజుల్లో ఫోటోల పని చేసేవాళ్ళు 30 కిలోల గొట్టం మానిటర్‌ను బల్ల మీద నుంచి కదిలించేవారు కాదు. ఈరోజు ఒక మాదిరి ఐ.పి.ఎస్. తెరైనా సరిగా అమర్చుకుంటే ఫోటోలకు గొట్టం తెరను మించుతుంది. ప్రపంచ మార్కెట్టులో ఎల్.సి.డి. టీవీలు గొట్టం టీవీలను దాటింది 2007 చివరి మూడు నెలల్లో. ఆ తర్వాత గొట్టం మళ్ళీ లేవలేదు.

అత్తగారి పద్ధతులు

అత్తగారు ఊరెళ్ళినా ఆవిడ పెట్టిన పద్ధతులు ఇంట్లో నడుస్తూనే ఉంటాయి కదా. గొట్టం తెర కూడా అంతే. ఫోటో ఫైలులో ఉండేవి రంగులు కావు, అంకెలు. ప్రతి చుక్కకు మూడు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 వరకు. మరి 128 అంటే సగం వెలుగేనా? కాదు, సుమారు 22 శాతమే! గొట్టానికి ఇచ్చే వోల్టేజిని రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు దాటి పెరుగుతుంది. దాని ఆ స్వభావానికి తగ్గట్టే బొమ్మల్ని రాసిపెట్టడం అలవాటైంది. మన కంటికి కూడా చీకటి ఛాయల్లో తేడాలు బాగా తెలుస్తాయి గనుక ఆ అమరిక కలిసివచ్చింది. 1996లో హెచ్.పి., మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్.ఆర్.జి.బి. అనే ప్రమాణాన్ని ప్రతిపాదించినప్పుడు వాళ్ళ ముందున్నవి గొట్టం మానిటర్లే. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. పలక తెర నడక సహజంగా వేరు. అయినా లోపలి సర్క్యూట్లు పనిగట్టుకుని దాన్ని గొట్టంలా నడిపిస్తాయి. ఈరోజు మీరు తీసే చాలా ఫోటోలు ఆ లెక్కలోనే భద్రమవుతున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం కొత్త కోడలు మాట వినలేదు. ఆ ప్రమాణం ఊహించుకున్న తెర వెలుగు 80 క్యాండెలాలు, కాస్త మసక వెలుతురున్న గదిలో. ఇప్పటి మానిటర్లు 250, 300 దాకా వెలుగుతాయి. ఫోన్లయితే ఎండలో అంతకు రెండు మూడు రెట్లు. అంత వెలుగు మీద నీడలో తీసిన ఫోటో కూడా పట్టపగల్లా కనిపిస్తుంది. "బాగుంది" అని పంపేస్తాం. కాగితానికి సొంత దీపం లేదు కదా, గదిలో వెలుతురు ఎంత పడితే అంతే తిరిగి ఇస్తుంది. అక్కడ నీడ నీడగానే మిగులుతుంది. పైన చెప్పిన మసి కథ ఇదే.

ఫోటో పంపే ముందు ఒక చిన్న పని చేయండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కన మామూలు తెల్లకాగితం పట్టుకోండి. రెండింటి తెలుపూ ఒకేలా అనిపించేదాకా తెర వెలుగు తగ్గించండి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయం ఉంటే ఆపేయండి, రంగుల్ని ఊరించే 'వివిడ్' లాంటివీ తీసేయండి. ఇప్పుడు ఆ ఫోటో చూడండి. ముఖాలు చీకటిగా ఉన్నాయంటే అచ్చులో వచ్చేది అదే. అప్పుడు వెలుగు పెంచి పంపండి. మెరిసే చిలకపచ్చ, ముదురు నీలం చీరలు మాత్రం ఎంత చేసినా కాగితం మీద కొంచెం తగ్గుతాయి. అచ్చు సిరాలకు ఆ రంగులు అందవు.

పెళ్ళి క్యాసెట్

ఇండియాలో తీసిన క్యాసెట్ అమెరికా వి.సి.ఆర్.లో పెడితే బొమ్మ దొర్లుతుంది, రంగు పోతుంది. అది క్యాసెట్ రోగం కాదు. 625 చాళ్ళ పొలాన్ని 525 చాళ్ళ నాగలితో దున్నుతున్నారు. పాల్, ఎన్.టి.ఎస్.సి. రెండూ ఆడించే మల్టీ సిస్టమ్ వి.సి.ఆర్. కావాలి.

అది దొరికాక కూడా కొత్త టీవీ మీద కొన్ని అవలక్షణాలు కనిపిస్తాయి. ఎవరైనా చెయ్యి కదిపితే అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోతాయి. ముందు చెప్పిన సగం బొమ్మలు గుర్తున్నాయా? గొట్టం తెర వాటిని వరుసగా ఒకదాని తర్వాత ఒకటి చూపేది. పలక తెర రెండు సగాల్నీ కలిపి ఒకేసారి చూపబోతుంది. ఈలోగా చెయ్యి కదిలిపోయింది! తెర కింది అంచున వణికే మురికి గీత ఒకటి వస్తుంది. అది ప్రతి వి.హెచ్.ఎస్. క్యాసెట్‌లోనూ మొదటినుంచీ ఉన్నదే, పాత టీవీ చట్రం వెనక దాగేది. ముఖాలు ఉబ్బి కనిపిస్తే టీవీ 4:3 బొమ్మను 16:9 వెడల్పుకు సాగదీస్తోందన్నమాట. ఇక మసక. ఆకారం చెడకుండా చూపించినా, 4కే టీవీలో ఒక్కో పాత చుక్క సుమారు 15 కొత్త చుక్కల మీదికి సాగాలి. 21 అంగుళాల తెరలో నిండుగా ఉన్న తాతగారి ముఖం 65 అంగుళాల్లో అలికినట్టు ఉండక ఏం చేస్తుంది?

ఇవేవీ పాడైన గుర్తులు కావు. నిజంగా చెడిన గుర్తులు వేరు: తెర మీద తెల్లటి గీతలు టపటపా రావడం, శబ్దం ముద్దగా అవడం, రీలు మీద తెల్లటి బూజు. బూజు ఉన్న క్యాసెట్‌ను మాత్రం వి.సి.ఆర్.లో పెట్టకండి. యంత్రం తల పాడవుతుంది, దాంతో తర్వాతి క్యాసెట్లకూ బూజు అంటుతుంది. అలాంటివి శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వాలి.

ఎవరింట్లోనైనా, బేస్‌మెంట్‌లో పనిచేసే గొట్టం టీవీ ఉంటే ముందు దాని మీద చూసి తీర్పు చెప్పండి. అది పాల్ బొమ్మ చూపగలిగేదై ఉండాలి, లేదా వి.సి.ఆర్.లోనే మార్చి ఇచ్చే సదుపాయం ఉండాలి. పనిచేయని టీవీని విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల కరెంటు దాగి ఉంటుంది. గాజులో సీసం కూడా ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో కాక ఎలక్ట్రానిక్స్ తీసుకునేచోట ఇవ్వండి.

ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయవద్దంటాను. కొత్త వి.సి.ఆర్.లు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లో ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాత యంత్రాలే, వాటి రబ్బరు పట్టీలు ఏటికేడు సడలుతున్నాయి.

కంప్యూటర్‌లోకి ఎక్కించే షాపుకు ఇస్తే రెండు మాటలు గట్టిగా చెప్పండి. పాల్ క్యాసెట్‌ను 720 అడ్డం, 576 నిలువు కొలతలో, సెకనుకు 25 బొమ్మల లెక్కలోనే దించమనండి. అమెరికా పద్ధతికి మార్చవద్దనండి, మారిస్తే కదలిక కుదుపులుగా వస్తుంది. సగం బొమ్మల్ని కూడా కలపకుండా ఉన్నవి ఉన్నట్టు ఒక ఫైలు ఇమ్మనండి. చూసుకోవడానికి దువ్వెన పళ్ళు తీసేసిన ఇంకో ఫైలు వేరే చేయించుకోవచ్చు. మొదటిది దాచుకోండి, పదేళ్ళకు ఇంకా మంచి పద్ధతి వస్తే మళ్ళీ దాన్నుంచే చేసుకోవచ్చు. క్యాసెట్ డబ్బా మీద ఊరి పేరు, తేదీ, వీడియో తీసిన స్టూడియో పేరు ఎవరో చేత్తో రాసి ఉంటారు. దాన్ని కూడా ఒక ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. అది చదివిపెట్టే పని మీ పిల్లలకు అప్పగించండి. గుడులు, గుడిదీర్ఘాలు ఇప్పుడు వాళ్ళకు బాగానే వచ్చు.